సుత్తి గురించి రాసింది నేను కాదు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. దాని బరువెంతో నాకు తెలుసనుకున్నాను. తెలియదని పోయిన నెల ఆళ్లగడ్డలో తెలిసింది. అప్పటి నుంచి తేరుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాగరాజు, నేను నంద్యాలలో ఒకే గదిలో ఉంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాం. మా ఇద్దరికీ నా లాప్‌టాప్ ఒక్కటే. వాడిది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లు. మాది ఎరువుల అంగడి.

తెర మీద బొమ్మలను కదిలించే ఒక లైబ్రరీ ఉంది, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకోవడానికి ముందే రాసిపెట్టిన కోడ్. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా దానికి పని చేసిపెట్టవచ్చు. బొమ్మ మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో జరిగితే జీవం ఉండదు. మెల్లగా బయలుదేరాలి, లేదా చివర నెమ్మదించాలి. అలా వేగాన్ని మార్చే సూత్రాలను ఈజింగ్ ఫంక్షన్లంటారు. ఒక్కోదానికి ఒక వంపుగీత. లైబ్రరీలో సూత్రాలున్నాయి గానీ వివరణలు లేవు. వాటిని నాగరాజు రాశాడు, తనకొచ్చిన ఇంగ్లిషులో, చిన్న చిన్న వాక్యాల్లో. ఒక గీత స్టాండులోకి వచ్చే బస్సు. ఇంకొకటి బండ మీద పడిన గోళీ. ముందుకు పోయే ముందు కాస్త వెనక్కి పోయే గీత ఒకటుంది. దాని కింద ఇలా రాశాడు: "దెబ్బ వేసే ముందు సుత్తి వెనక్కి పోతుంది. దెబ్బ మొదలయ్యేది అక్కడే."

పంపింది నా ఖాతా నుంచి. నా పేరే పడింది. మార్పించమని వాడు ఒకసారి అడిగాడు. "మీ ఇంట్లో విగ్రహం మింద పేరు చెక్కుతారా ఏంది?" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ పేజీలు చూసి నాకు ఉద్యోగమిచ్చారు. తర్వాత వాడు వేరే కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్లి అవి తనవని చెప్పాడు. వాళ్లు నాకు ఫోన్ చేశారు. మీరే రాశారా అని అడిగారు. అవునన్నాను. ఎందుకన్నాను? భయంతోనా? భయపడేంత సేపు కూడా ఆలోచించలేదు. అప్పటికే ఎందరికో చెప్పి అలవాటైన మాట, ఈసారి అది వాడి బతుకు మీద పడుతుందని తెలిసి కూడా, నోట్లోంచి మామూలుగానే వచ్చింది. వాడికి ఆ ఉద్యోగం రాలేదు. ఊరికి వెళ్లిపోయాడు. నన్నేమీ అడగలేదు. అడగలేదు కాబట్టి వాడికి తెలియదనుకున్నాను.

పోయిన నెల బైకు ప్రమాదంలో చనిపోయాడు.

పలకరించడానికి వెళ్లాను. వాళ్ల షెడ్డులో పని ఆపేశారు. పక్క షెడ్డులోంచి సుత్తి చప్పుడు వస్తోంది. సగం చెక్కిన నంది పక్కన కూర్చున్న వాళ్ల నాయన నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో పెదనాయనా."

"నీకొక మాట చెప్పల్లప్పా. మావోడు నీ పనిని తనదని చెప్పుకున్న్యాడంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"వాడే. ఉద్యోగం ఎందుకు రాలేదురా అంటే, నేనే అబద్ధమాడినా నాయనా, రాసింది వాడు అన్న్యాడు. చెంప మింద కొట్టినా. మేము దేవుని మింద కూడా పేరు చెక్కుకోం. ఆ బుద్ధి వానికి యాడ పాయనో. మనసులో పెట్టుకోవద్దప్పా. పోయినోడు."

చేతులు జోడించాడు. నాకు.

నాగరాజుకు అంతా తెలుసు. తెలిసి, నా దొంగతనాన్ని తన మీద వేసుకున్నాడు. నన్ను కాపాడాలనా? నిజం చెప్పినా ఎవరూ నమ్మరనా? అడగడానికి వాడు లేడు.

అప్పుడైనా చెప్పాల్సింది. "పర్వాలేదు పెదనాయనా" అన్నాను. నేను ఆయనను క్షమించాను. ఇది రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

లైబ్రరీలో పేరు మార్పించాను. ఆ పేజీ ఆయన చదవలేడు. ఆయన తన కొడుకును దొంగనుకుంటూ బతుకుతున్నాడు. నోటితోనే చెప్పాలి. ఇన్నాళ్లు ఆగింది ఆయన తట్టుకోలేడనా, నేను తట్టుకోలేననా? నేనే.

ఇది బస్సులో రాస్తున్నాను. శిరివెళ్ల దాటి చాలాసేపైంది. చెప్పాక ఆయన ఏం చేస్తాడో తెలియదు. నాకేదీ దక్కనక్కర్లేదు. ఆ వివరణలు రాసింది నాగరాజు, నేను కాదు. ఇంత చిన్న మాట ఇప్పటికి బయటికొచ్చింది. ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆళ్లగడ్డ వచ్చింది. బస్సు నెమ్మదిస్తోంది, వాడు రాసినట్టే.