తెలుగులో దాచిన తేదీ

కోవిడ్‌కు రెండేళ్ల ముందు, మార్చిలో, అమెరికాలో, ప్లేనోలోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి నన్ను ట్రాన్సిషన్ మేనేజరుగా వేశారు. అక్కడివాళ్ల పనిని హైదరాబాద్ టీముకు అప్పగించడం నా బాధ్యత. పోయేవాళ్లు వచ్చేవాళ్లకు పని నేర్పడాన్ని కేటీ అనేవాళ్లం. అది పూర్తయిందని నేను సంతకం పెడితే వాళ్లను పంపించేసేవారు.

క్లెయిముల బ్యాచ్ జాబులు, అంటే కంప్యూటర్లో వరసగా వాటంతటవే నడిచే లెక్కలు, కేరోల్ చూసేది. ఇరవై మూడేళ్ల అనుభవం. జూన్ ఆఖరుదాకా ఉంటావని ఆవిడకు నేనే చెప్పాను. జూన్ మధ్యలో భర్తకు మోకాలి ఆపరేషన్. ఇద్దరి ఆరోగ్య ఇన్సూరెన్స్ ఆవిడ ఉద్యోగం మీదే ఉంది. ఈ ఉద్యోగం పోయాకకని ఒక గిడ్డంగిలో గంటల లెక్కన పని చూసుకుంది. ఇప్పటి జీతంలో సగం కూడా రాదు, ఇన్సూరెన్స్ ఉండదు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆవిడ పక్కనుండగానే హైదరాబాద్ లీడ్ ప్రదీప్ ఫోన్ చేశాడు. ఖర్చు తగ్గించమని నాకు పైనుంచి ఒత్తిడి. తెలుగులోనే కదా అన్న ధైర్యంతో, "కేరోల్‌ని మే ఎండ్‌కే రిలీజ్ చేసేద్దాం, ఆమెకి ఇప్పుడే చెప్పొద్దు" అన్నాను.

"క్వార్టర్ ఎండ్ రన్ మనోళ్లు ఒక్కసారి కూడా చూడలేదన్నా" అన్నాడు. మూడు నెలలకోసారి వచ్చే ఆ పెద్ద రన్ ఈసారి జూన్ ఆఖరున ఉంది. చూసుకుందాంలే అన్నాను.

ఫోన్ పెట్టేశాక కేరోల్ నావైపు తిరిగింది. "శేషూ, మీ భాష నాకు రాదు. కానీ కేరోల్, మే ఎండ్, రిలీజ్... ఇవన్నీ నా భాషే."

ఉద్యోగాల గురించి మేం మాట్లాడే తెలుగులో ముఖ్యమైన మాటలన్నీ ఇంగ్లీషువేనని అంతవరకు నాకు తట్టలేదు. ఇంకా ఖాయం కాలేదని అబద్ధమాడాను. ఆవిడ అప్పటికప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆపరేషన్‌ను మే మూడో వారానికి మార్పించుకుంది. తరువాత కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆపిన చోటి నుంచి పాఠం మళ్లీ మొదలుపెట్టింది.

తేదీ మార్చవద్దని పైవాళ్లను నేను ఒక్కసారైనా అడగాల్సింది. ఆ ఏడాది పనికి నాకిచ్చే రేటింగు దెబ్బతింటుందని అడగలేదు. మే ఆఖరున ఆవిడ వెళ్లిపోయింది. వెళ్లేముందు, ఎవరూ కోరకుండానే, క్వార్టర్ ఎండ్‌లో ఏ జాబు ఎక్కడ ఆగుతుందో, ఆగితే ఏం చేయాలో అంతా రాసిపెట్టింది. హైదరాబాద్ టీము ఆ కాగితాలు ముందుంచుకునే పని గట్టెక్కించింది. మెచ్చుకుంటూ మెయిల్ నాకు వచ్చింది. జవాబులో ఆవిడ పేరు రాయలేదు.

ఆ తరువాత చేసిన ప్రతి ట్రాన్సిషన్‌లోనూ ఎవరి ఆఖరి తేదీ మారినా మొదట వాళ్లకే చెప్పాను. తెలిస్తే నేర్పడం మానేస్తారన్న భయంతోనే నేను కేరోల్ దగ్గర దాచాను. రిటైరయ్యేదాకా అలా మానేసినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.