డ్యాంకు దారెటు?

"అక్కా, కెలవరపల్లి డ్యాంకు ఇట్లేనా పొయ్యేది?"

ఈ ప్రశ్న వేసింది మా మునిరాజు. వేసిన చోటు కెలవరపల్లి డ్యాం గేట్ల ఎదురుగా. చేపలు కడుగుతున్న ఆవిడ తలెత్తి అతన్ని చూసింది, వెనక్కి తిరిగి డ్యాంను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

"నీ కండ్ల ముందర ఉండేది ఏమనుకున్నావప్పా? పెండ్లి మంటపమా?"

"అదే అక్కా, ఎందుకన్నా మంచిదని ఒగసారి అడిగినా."

మునిరాజు గురించి తెలుసుకోవలసింది ఈ ఒక్కటే: దారి అడుగుతాడు. తెలియక కాదు, తెలిసే అడుగుతాడు. వారమంతా హోసూరులో అతనిది కొరియర్ డెలివరీ ఉద్యోగం. వీధి పేరు తప్పు, ఇంటి నంబరు లేదు, ఫోను స్విచాఫ్ అన్న పార్సిల్‌ని కూడా సరిగ్గా ఆ గడపలోనే పెట్టి వస్తాడు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల సందుల్లో దూరి ఏ టీకొట్టు వెనక తేలాలో అతనికి తెలిసినట్టు ఆ టీకొట్టువాడికి కూడా తెలియదు. అలాంటివాడు ఆదివారం బండెక్కి పెన్నేరు పక్క రోడ్డు పట్టాడంటే, నిన్న పుట్టిన పసిబిడ్డ అయిపోతాడు. మనిషి కనిపిస్తే చాలు, కాలు బ్రేకు మీద పడుతుంది.

ఆ ఆదివారం మావి రెండు బండ్లు. మునిరాజు వెనక నేను, అజిత్ వెనక మంజు. మామూలుగా అయితే కృష్ణగిరి డ్యాం దాకా పోయి, వేయించిన చేపలు తిని, నీళ్ళకేసి చూస్తూ కూర్చుని రావడమే మా పని. ఈసారి అజిత్‌కి అంతకంటే పెద్ద పని పడింది. డ్యాం అవతల కావేరిపట్నంలో భూమిక ఉంది. ఆ పిల్ల వాడితో పెళ్ళికి ఎప్పుడో ఒప్పుకుంది. వాళ్ళ నాన్న మారియప్పే ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉండి, చివరికి "ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మను, మనిషిని చూస్తాను" అన్నాడట. ఆయనకి ఆలస్యమంటే పడదు. ముహూర్తానికి తాళి కట్టలేదని సొంత తమ్ముడి పెళ్ళిలోంచే లేచి వచ్చేసిన మనిషి.

అందుకని అజిత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దానికి దుమ్ము తగలకుండా పైన వానకోటు తొడుక్కుని వచ్చాడు. మండే ఎండలో వానకోటు. లోపల ఆవిరికి ఉడికిపోతున్నాడు.

"మునిరాజన్నా, ఈ ఒక్క దినం ఎవుర్నీ అడగొద్దన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అడగనప్పా. నాకేమన్నా పిచ్చా?" అన్నాడు మునిరాజు.

మొదటి మలుపు తిరిగేసరికి ఎదురుగా కొబ్బరి చెట్టు, దాని తలలో ఒక మనిషి. మునిరాజు బండి ఆపి మెడ వెనక్కి విరిచాడు.

"అన్నా, క్రిష్ణగిరి డ్యాంకు యాట్లా పోవాల?"

పైనుంచి ఏదో అన్నాడు, గాలికి వినబడలేదు. పాపం, పెద్దమనిషి. చేతిలో కత్తి నడుముకి దోపుకుని, కాళ్ళకి వేసుకున్న బంధంతో జానెడు జానెడు దిగి, కిందికొచ్చి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, చెయ్యి ముందుకు చాపాడు.

"నేరుగా."

"అంతేనా అన్నా?"

"ఈడ ఉండేది ఒకటే రోడ్డు సామీ. మీరు తప్పిపోవాలన్నా తప్పిపోలేరు."

మంజు నవ్వాపుకోలేక బండి మీంచి దిగి కూర్చున్నాడు. "అన్నా, నీ ఫోన్లో మ్యాపు ఉండాది కదా, ఆ యమ్మ చెప్తానే ఉండాది కదా!"

"ఆ యమ్మ బెంగళూరులో కూర్చోని చెప్తాదప్పా. ఈ యన్న ఈడుండే మనిషి."

రాగిచేలు దాటాం, టొమేటో తోటలు దాటాం. పక్కనే పెన్నేరు రాళ్ళ మధ్య తళతళలాడుతూ, మాతో పందెం వేసినట్టు కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ పోతోంది. గాలి చల్లగా ముఖానికి కొడుతుంటే కేకలు పెట్టాలనిపించింది. పెట్టాం కూడా. అంతలో ఎదురుగా వస్తున్న ఒక లారీ డ్రైవరు చెయ్యూపి మమ్మల్నే ఆపాడు. నిజంగా దారి తప్పినవాడు. కల్లావి అనే ఊరికి పోవాలట. మునిరాజు బండి దిగి, ఏ వంతెన కింద దూరకూడదో, ఏ ఊరి స్పీడు బ్రేకరు లారీ నడుము విరగ్గొడుతుందో, ఎక్కడ టీ బాగుంటుందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. డ్రైవరు దండం పెట్టి గేరు వేశాడు.

"అన్నా, ఒక నిమిషం," అన్నాడు మునిరాజు కిటికీ పట్టుకుని. "క్రిష్ణగిరి డ్యాంకు దారెట్ల?"

డ్రైవరు ముఖం నేను ఇంకా మరచిపోలేదు.

అజిత్ ఏడవడమొక్కటే తక్కువ. ఇక ఊళ్ళు రావడం మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది: ఈ రోడ్డున మునిరాజుని ఎరగనివాళ్ళు లేరు. మా బండి శబ్దం వినగానే అరుగు మీద వక్కాకు దంచుకుంటున్న అవ్వ, అతను నోరు తెరవకముందే "నేరుగా పో నాయినా, నేరుగా!" అని అరిచింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు "ఇదో వచ్చినాడే, దారి తెలీని అబ్బయ్య!" అని బిందెలు దించి మరీ నవ్వారు. పాల క్యాన్లు కట్టుకుని ఎదురొచ్చిన ఆయన బండి ఆపకుండానే చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. మునిరాజు అందరికీ తల ఊపి, అందరి దగ్గరా దారి తెలుసుకుని, మహా సంతోషంగా ముందుకు కదిలాడు.

"ఎండ నడినెత్తికి వచ్చేసిందన్నా!" అని వెనకనుంచి అజిత్ కేక.

మామిడి తోపుల దగ్గర రోడ్డు రెండుగా చీలింది. కుడివైపుది డ్యాంకు పోతుంది, ఆ సంగతి నాక్కూడా తెలుసు. చీలిక దగ్గర ఒక చిన్న ఇల్లు, ఇంటి ముందు కుర్చీలో ఒక ముసలాయన, ఒళ్ళో ఊరికే పడివున్న ఎడమ చెయ్యి. మునిరాజు ఈసారి ఇంజన్ ఆపాడు. హెల్మెట్ తీశాడు.

"నారాయణప్పన్నా, డ్యాంకు దారెటు?"

ముసలాయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. మునిరాజు ఆయనకేసి కాకుండా రోడ్డుకేసి చూస్తూ నింపాదిగా నిలబడ్డాడు. వెనక అజిత్ హారన్ మీద వేలు పెట్టి తీశాడు.

"ఎ... ఎడమ," అన్నాడు నారాయణప్ప. నుదుటి మీద చెమట.

"ఎడమ. సరేన్నా, వస్తాం." అని మునిరాజు నిజంగానే ఎడమకి తిప్పాడు!

తోపు మలుపు తిరిగి ఇల్లు కనబడకుండా పోగానే అజిత్ మా బండికి అడ్డం వచ్చి తాళం లాగేసుకున్నాడు. "ఇది రాళ్ళ క్వారీకి పొయ్యే దారి! నీకు తెల్సు, నాకు తెల్సు! ఆ పిల్ల నాయన నన్ను గేటు లోపలికి రానిస్తాడా ఇంక?"

మునిరాజు నేల చూపులు చూశాడు. అప్పుడు మెల్లగా చెప్పాడు.

"ఆయన గొర్రెలు మేపుతా ఈ ఏటి పొడుగునా తిరిగిన మనిషప్పా. పక్షవాతం వచ్చి మాట పడిపాయ. పెండ్లాం మారక్క ఎంత పలకరించినా నోరు తెరిసేది లే. ఒగసారి నేను నిజంగానే దారి తప్పి, పార్సిలు పెట్టుకోని ఈడ నిలిచి అడిగితే, 'కుడి' అన్నాడు. ఆ మాట విని మారక్క లోపల్నించి గరిటె పట్టుకోని పరిగెత్తుకుంటా వచ్చింది. 'ఇంగోసారి అడగప్పా, ఇంగోసారి' అని ఒగటే ఏడుపు. అప్పటినించి వారం వారం అడగతా ఉండా."

"అట్లయితే ఆయన్నొక్కణ్ణే అడుగు," అన్నాడు మంజు. "కొబ్బరి చెట్టెక్కినోణ్ణి ఎందుకు దింపితివి?"

"ఆయనకి రోషం జాస్తి. వీడు నా మీద జాలితో అడగతాడని తెలిస్తే మళ్ళా నోరు తెరవడు. పాలాయన దినమూ ఆడ కూర్చోని రోడ్డు సంగతులన్నీ చెప్పి పోతాడు. మునిరాజనే వాడికి యాడా దారి తెలీదంట, ఊరూరా అడగతాడంట అని ఆయన చెవిన పడాల కదా."

అజిత్ వానకోటు విప్పి హ్యాండిల్‌కి తగిలించాడు. ఫోన్ తీశాడు.

"భూమికా, మీ నాయనకి చెప్పు. కొంచెం ఆలస్యమవుతాది... లే లే, పంచరు కాదు. ఈడొక పెద్దాయన దారి చెప్తా ఉండాడు, చెప్పి ముగించేదాకా కదిలేది లే." అవతల ఏమందో, వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఫోను పెట్టేసి తాళం మునిరాజు చేతిలో పెట్టాడు. "అరిటాకులు వేసి, మనం పొయ్యేదాకా కాసుకోని ఉంటారంట. ఇప్పుడేం చేస్తామన్నా? కుడికి పోవాలంటే మళ్ళా ఆయన ముందరే పోవాల కదా."

"అదే యోచన చేస్తా ఉండా. అడగకుండా కుడికి తిరిగితే, తప్పు చెప్పినానని ఆయనకి తెలిసిపోతాది." మునిరాజు నాకేసి తిరిగాడు. "నువ్వు పోప్పా. నడిచి పో. నేను పోతే నన్ను చూస్తానే ఆయన నోట మళ్ళా ఎడమనే వస్తాది, వేరే మనిషి అడిగితే కుడి అంటాడేమో. మావోడు మీరు చెప్పింది మలుపు దాటేలోగా మరిచిపోయినాడు తాతా, ఇంగోసారి చెప్పమన్నాడు అని అడుగు. తొందర చెయ్యొద్దు. ఆయన నోటికేసి చూడొద్దు, రోడ్డుకేసి చూస్తా నిలబడు. ఆ... హెల్మెట్ తీసేసి పో. ఏమీ తెలీనోడి మాదిరి ముఖం పెట్టాల. నీకది కష్టం కాదులే."