థర్కెటిల్ గారి కునుకు

థర్కెటిల్ గారు పుస్తకాలు చదవరు, వాటి కింద నిద్రపోతారు. లండన్‌లో మా వారపత్రికకు పాతికేళ్ళుగా సమీక్షలు రాస్తున్న ఈ మహానుభావుడి పద్ధతి ఇది: పొయ్యి పక్కన పడక కుర్చీ, గుండెల మీద తెరిచిన పుస్తకం, మూసిన కళ్ళు. కథ కలలోకొస్తే మంచిది. రాకపోతే, "మూడో పేజీలో కునుకు పట్టింది. తప్పు నా కుర్చీది" అని రాసి పంపేవారు.

ఓసారి ఓడ కథల్ని సమీక్షిస్తూ, కలలో తన మేజోళ్ళు తడిసిపోయాయని రాశారు. ఆ పుస్తకం మూడు ముద్రణలు అమ్ముడుపోయింది.

పందొమ్మిది వందల యాభై మూడు శీతాకాలంలో హెస్టర్ లూమ్ అనే తపాలా గుమాస్తా తొలి కథల సంపుటి 'తడి గొడుగులు' వచ్చింది. ఒక దినపత్రిక "చల్లారిన టీ" అంది. ఇంకోటి "పక్కన బిస్కెట్టయినా లేదు" అంది. మా పత్రిక కూడా పెదవి విరిస్తే రెండో పుస్తకం వెయ్యనని ప్రచురణకర్త ఆమెకు తేల్చి చెప్పాడట. ఆవిడ నేరుగా మా ఆఫీసుకొచ్చి, సమీక్షలకు పుస్తకాలు పంచుతూ తీరిక వేళల్లో కథలు రాసుకునే నన్ను పట్టుకుంది.

"నా పుస్తకం ఎవరికిచ్చారండీ?"

"థర్కెటిల్ గారికి."

"ఆ నిద్రపోయే ఆయనకా!"

మా సమీక్షల కింద సంతకాలుండవు. అయినా ఆ కునుకెవరిదో ఊరందరికీ తెలుసు.

ఆవిడ మొహం చూడలేక ఆయనింటికి బయల్దేరాను. మధ్యాహ్నమే పొగమంచు కమ్మేసింది. బస్సులు, దీపాలు, మనుషులు, అన్నీ ఆయన కలలోంచి దారితప్పి వచ్చినట్టున్నాయి.

ఆయన గురక పెడుతున్నారు. గుండెల మీది 'తడి గొడుగులు' మెల్లగా తీశాను. చివరి పేజీ దాకా అంచుల్లో పెన్సిల్ రాతలే! "ఈ పిన్నిగారు నాకు తెలుసు." "ఇది మళ్ళీ చదవాలి." అనుమానమొచ్చి, పోయిన నెల ఆయన మూడో పేజీలో నిద్రపోయిన పుస్తకం అందుకున్నాను. అందులోనూ చివరిదాకా రాతలే. "పాపం." "పాపం." "అయ్యో, పాపం."

"పరుల పుస్తకాలు తడమకు నాయనా," అన్నారు, కళ్ళు తెరవకుండానే.

"మీరసలు నిద్రే పోరా సర్?"

"ఉన్నమాట రాస్తే ఆ పుస్తకం రాసినవాడికి నిద్రుంటుందా? అందుకని నేనే నిద్రపోతాను. బయట చెప్పావో, నీ కథలు సమీక్షకు తీసుకుంటాను."

ఆ వారం అచ్చయిన సమీక్ష: "ఈ పదకొండు కథలూ నా మధ్యాహ్నపు నిద్ర పాడుచేశాయి. రచయిత్రి మీద గట్టిగా ఫిర్యాదు చేస్తున్నాను." రెండో పుస్తకం అట్ట మీద ఆ ఫిర్యాదే వేశారు.

మిస్ లూమ్ తపాలా మనిషి కదా, ఏ ఫిర్యాదుకైనా జవాబివ్వాల్సిందే. రెండో పుస్తకంతో పాటు, స్వయంగా కుట్టిన దిండొకటి పంపింది. దాని మీద దారంతో కుట్టిన అక్షరాలు: "తమ ఫిర్యాదు అందినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆయన ఆ దిండు తలకింద పెట్టుకుని, పుస్తకం గుండెల మీద ఆనించుకుని, సుఖంగా గురక మొదలుపెట్టారు. పెన్సిల్ మాత్రం కదులుతూనే ఉంది.