గుంత మీద కంప

ఆరేళ్లుగా ఈ మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్లకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

పల్నాడులో ఒక చిన్న పట్నం మాది. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నల్లరేగడి నేల. వాన పడిందంటే చెప్పులు నేలకే ఉండిపోతాయి, మనం ముందుకు పోతాం. వేరే ఊళ్లలో వానాకాలం ఎన్నాళ్లో గానీ, మా వీధిలో బురద ఎండేసరికి ఉగాది వస్తుంది. మా మునిసిపాలిటీకి మాత్రం రెండే కాలాలు: టెండరు కాలం, బిల్లుల కాలం. ఆ ఏడు సరిగ్గా తొలకరికి ముందు వచ్చి, పైపు వేస్తామని మా గుమ్మం ముందు నడుంలోతు గుంత తవ్వారు. మళ్లీ రాలేదు.

ఎన్ని అర్జీలు ఇచ్చానో లెక్కలేదు. ఒకసారి గుమాస్తా చదివి, రికార్డులో మీది సిమెంటు రోడ్డు, బురద ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాడు. నా చీర కుచ్చిళ్లు చూపించాను. నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎవరూ పడకుండా తుమ్మకంప కొట్టుకొచ్చి గుంతకు అడ్డం వేసింది మా వీధి ఊడ్చే కోటయ్య. వెల్దుర్తి నుంచి వచ్చి కాంట్రాక్టు మీద చేసేవాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. తనంతట తనే వేశాడు.

కార్తీకంలో అల్పపీడనం పట్టి, వీధంతా ఒకటే నీళ్లు. ఆ పొద్దున పెద్ద అధికారి జీపులో చూడటానికి వస్తున్నాడని కబురు. నాకు ఒకటే ఆలోచన. ఆ జీపు ఇందులో దిగబడాలి, ఆయన ప్యాంటుకూ మా బురద రుచి తెలియాలి. అంతేనా? దెబ్బ తగిలితే తగలనీ అని అనుకోలేదా? అనుకున్నాను. వీధిలో ఎవరూ లేకుండా చూసి కంపను ఈడ్చి పక్క సందులో పడేశాను.

ఆయన రాలేదు. ఇక రాడని మధ్యాహ్నమే తెలిసింది. లేచి కంప మళ్లీ వెయ్యాలి. చేతిలో ఉన్న జాకెట్టుకు చేతులు అతికించి లేద్దామనుకున్నాను. తర్వాత హుక్కులు కూడా కుట్టేద్దామనుకున్నాను.

బడి నుంచి స్కూటీ మీద వస్తున్న మా ఎదురింటి రూతమ్మ టీచరు అందులో పడింది. తుంటి విరిగింది. అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. పైకి లాగిందీ నేనే. టీవీవాళ్ల మైకు ముందు మునిసిపాలిటీని దులిపేసిందీ నేనే. రెండు రోజుల్లో గుంత పూడ్చి సిమెంటు పోశారు. వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది.

ఆసుపత్రి మంచం మీద ఆమె అడిగింది: “కంప ఎవరు తీశారక్కా? లేకపోయేసరికి పూడ్చారేమో అనుకున్నా.”

“ఇంకెవరు? పొద్దున పనికొచ్చింది కోటయ్యే గదా” అన్నాను.

ఆ పేరే ఎందుకు వచ్చింది నా నోట? మునిసిపాలిటోళ్లే తీశారని ఊరుకుంటే పోయేది. కోపం ఎవరి మీదో, వాళ్లెవరూ నాకు అందేవాళ్లు కాదు. అందినవాడు ఆయనొక్కడే.

ఆమె భర్త ఆ మాట మునిసిపల్ ఆఫీసులో చెప్పాడు. వాళ్లకూ తప్పు మొయ్యడానికి ఒక మనిషి కావాలి. కోటయ్యను పనిలోంచి తీసేశారు. పోయేముందు మా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“ఏసిందే నేను గదమ్మా, నేనెందుకు తీస్తా? మీరన్నా ఒక మాట చెప్పండి.”

చెబుతానన్నాను. చెప్పలేదు.

రూతమ్మ ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. ప్రతి క్రిస్మస్‌కీ నాకు కేకు పంపిస్తుంది, నేను తింటాను. కోటయ్య నడికుడి వైపు కూలికి పోతున్నాడని ఎవరో అన్నారు. రైలెక్కితే ఎంతసేపు? వెళ్లలేదు.

ఆ ఆఫీసు మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. వాళ్లు చేసింది వాళ్లు చేశారు. దాని చాటున నేను చేసింది నేను చేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఒక మనిషి నడక, ఒక మనిషి కూడు నా వల్ల పోయాయి. అయినా, రాశాక, ఊపిరి కాస్త ఆడుతోంది.