డ్రమ్ము అడుగున మిగిలిన డీజిల్

ఉదయం ఆరుకు ఆత్రేయపురం దాటి గట్టు మీది బడిలో దిగాం. వాన వెలిసింది. గోదావరి ఎర్రగా, గట్టుకు మూరెడు కిందుగా పోతోంది. వరద సహాయ దళంలో నా ఆఖరి డ్యూటీ అది, తొమ్మిది రోజులు. నేను మూడో తరగతితో బడి మానేశాను. అయినా ఏదీ వృథా కానివ్వనని సామాన్ల గది తాళం నాకే ఇచ్చేవారు. తాళ్లు, టార్పాలిన్లు, బియ్యం, రెండు జీపులకు కావలసిన డీజిల్, పెట్రోల్.

జీపుల మీద మొదటి రోజే వాదన వచ్చింది.

"పెట్రోల్ బండి తేలిక. బురదలో కూరుకుపోదు. తాళం తిప్పగానే లేస్తుంది" అన్నారు ఇన్‌చార్జి గారు.

"బురద వరకేనండి. నీళ్లలో ప్లగ్గులు, వైర్లు తడిసాయంటే చచ్చిపోద్ది. డీజిల్‌కి నిప్పురవ్వతో పనే లేదు. గాలి గొట్టం పైకి కట్టానండి, నడుం లోతులో కూడా పోద్ది" అన్నాడు డ్రైవరు. మా ఊరివాడే.

"దానికి ఏ రోగమూ లేదా?" అన్నాను.

"ఉంది పిన్నిగారూ. దానికి శుభ్రమైన ఆయిల్ పడాలి. నీళ్లు కలిస్తే మొండికేస్తుంది. డ్రమ్ము అడుగుది మాత్రం పొయ్యకండి."

"మా పొలం ఇంజన్‌కి ముప్పై ఏళ్లు చీరగుడ్డలో వడపోసి అడుగుదే పోశాం. నువ్వు నాకు చెబుతావేంటి?"

ఆరో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు డ్రమ్ము అయిపోవచ్చింది. కొత్తది సాయంత్రానికి వస్తుందన్నారు. డ్రైవరు అన్నం తింటున్నాడు. డ్రమ్ము కింద ఇటుక పెట్టి వంచాను. పది లీటర్ల దాకా వచ్చింది. పారబోయడానికి చెయ్యి రాలేదు. చీరగుడ్డ నాలుగు మడతలు వేసి వడపోసి జీపులో పోశాను. మట్టి గుడ్డలో ఆగింది. నీళ్లు ఆగవు కదా అని తట్టలేదు. పొలం ఇంజన్ ఆగితే గట్టు మీద కూర్చుని మళ్లీ విప్పుకునేవాళ్లం. అంతే తేడా.

రెండూ పదికి వైర్‌లెస్ సెట్ పలికింది. నది మధ్య లంకలో ఒకావిడకు పాము కాటు. లంకకు దారైన కాజ్‌వే మీద నడుం లోతు నీళ్లు. పడవలు దిగువ ఊళ్లకు వెళ్లాయి.

"ఏ బండి?" అన్నారు ఇన్‌చార్జి గారు.

"డీజిలేనండి" అని డ్రైవరు నా వైపు తిరిగాడు. "ఆయిల్ ఉందా పిన్నిగారూ?"

"నిండుగా ఉంది. పద."

అది ఎక్కడిదో చెప్పలేదు. తాడు పట్టుకోవడానికి నేనూ ఎక్కాను.

ఆవిడను, భర్తను ఎక్కించుకుని రెండూ నలభైకి వెనక్కి తిరిగాం. ఆవిడ పాతికేళ్ల మనిషి. మాట ముద్దగా వస్తోంది. కనురెప్పలు వాలిపోతున్నాయి.

"రాజమండ్రి ఎంతసేపండి?" అన్నాడు భర్త.

"గంట" అన్నాడు డ్రైవరు.

కాజ్‌వే సగంలో ఇంజన్ దగ్గింది. ఆగింది.

డ్రైవరు నీళ్లలోకి దిగి, బానెట్ ఎత్తి, ఫిల్టర్ విప్పి అరచేతిలోకి వంచుకున్నాడు. నీళ్లు.

"అడుగుది పోశారా?" అన్నాడు మెల్లగా.

నేను తాడు సర్దుకున్నాను.

"పెట్రోల్ బండి పంపుతున్నా." సెట్‌లో ఇన్‌చార్జి గారు.

"వద్దండి, ఆగిపోద్ది."

పంపారు. ఒడ్డు నుంచి ఇరవై గజాలు వచ్చి అదీ ఆగింది.

తాడు కట్టి, ఆవిడను భుజాల మీద మోశాం. నలభై నిమిషాలు పట్టింది. ఒడ్డు చేరేసరికి ఆవిడకు ఊపిరి లేదు.

డ్రైవరు బండి చూసుకోలేదని రిపోర్టు రాశారు. అతను నా పేరు చెబుతాడేమోనని మూడు రోజులు భయపడ్డాను. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అతన్ని పనిలోంచి తీసేశారు. తొమ్మిదో రోజు నాకు శాలువా కప్పి బస్సెక్కించారు.

లంక పొలాలకు బండి కొనేవాళ్లు డీజిలా, పెట్రోలా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. ఇసుక, బురద వరకైతే పెట్రోల్ చాలంటాను. నీళ్లలో దిగాల్సి వస్తే డీజిల్. దానికి ఏం పోయకూడదో కూడా చెబుతాను. పోసింది నేనేనని ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఆ రోజు నీళ్లలో నా ముందు ఆవిడ భర్త నడిచాడు. ఒక చెయ్యి ఆవిడ తల కింద. రెండో చేతిలో ఆవిడ చెప్పులు, తడవకుండా పైకెత్తి. ఆవిడను ఒడ్డున పడుకోబెట్టాక కూడా ఆ చెయ్యి దించలేదు.