కొన్నాళ్ళు నాదైన గొలుసు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు నాకొక బంగారు గొలుసు ఉండేది. ఉండేదని గట్టిగా అనడానికీ లేదు. అది నాకు వచ్చిందా, అమ్మకు వచ్చిందా, అసలు ఎవరికైనా వచ్చిందా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆలోచించబోతే సగం దూరంలోనే తికమక పడిపోతాను. తెలిసిన వకీలు ఒకాయన ఓపిగ్గా విడమరచి చెప్పాడు కూడా. ఆయన చెబుతున్నంతసేపూ అర్థమైంది, కాఫీ తాగి ఆయన వెళ్ళిపోగానే మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పట్లో మేం వాషర్‌మెన్‌పేట్‌లో ఉండేవాళ్ళం. అమ్మా నాయనా కలిసి చిన్న బట్టల కొట్టు నడిపేవాళ్ళు. లుంగీలు, తువ్వాళ్ళు, లంగా గుడ్డలు. జార్జి టౌన్ టోకు వ్యాపారుల దగ్గర సరుకు అరువు తెచ్చి అమ్మడం. ఒక ఏడాది వానలకు కొట్లోకి నీళ్ళొచ్చి సరుకంతా తడిసి పాడైపోయింది. అప్పులు మాత్రం తడవలేదు. వ్యాపారులు కోర్టుకెక్కి ఉంటే కొట్టుకు తాళం పడేదే. అలా కాకుండా అందరూ కూర్చుని, వకీలును పెట్టుకుని, స్టాంపు కాగితం మీద రాజీ రాసుకున్నారు. నెలనెలా ఇంత అని కట్టాలి. గడువు దాకా తప్పకుండా కడితే మిగిలిన బాకీ వదిలేస్తారు. మధ్యలో మొగుడికి గానీ పెళ్ళానికి గానీ ఎక్కడినుంచైనా ఆస్తి కలిసివస్తే దాచకుండా చెప్పాలి, అది అప్పులోకే పోవాలి. దాచారని తెలిస్తే రాజీ రద్దయి మొత్తం బాకీ తిరిగి మీద పడుతుంది. కొట్టూ పోతుంది, దాని వెనకాల మేం కాపురముండే గదులూ పోతాయి. కొట్టు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఇద్దరూ సంతకాలు చేశారు.

ఇదంతా నేను పెద్దయ్యాక తెలుసుకున్న సంగతి. అప్పుడు తెలిసిందల్లా, కిస్తీ కట్టిన వారంలో మా ఇంట్లో చారన్నం తప్ప ఇంకేమీ ఉండదని.

అలాంటి రోజుల్లో తిరువళ్ళూరులో అవ్వ పోయింది. అవ్వంటే అమ్మకు మేనత్త. పిల్లలు లేరు, అమ్మను తనే పెంచింది. మెడలో ఉన్న గొలుసు అమ్మకే ఇవ్వాలని నలుగురి ముందూ చెప్పి మరీ పోయింది. మా వాళ్ళలో ఒక అలవాటుంది. పోయినావిడ నగను పెద్దవాళ్ళు వెంటనే వేసుకోరు. ముందు ఇంట్లో ఆడపిల్ల మెడలో వేస్తారు. ఆవిడ ఆశ దాని మీద ఉండిపోకూడదట. అమ్మ శుక్రవారం పూట నాకు తలంటి, దీపం ముందు కూర్చోబెట్టి గొలుసు వేసింది. నా బొడ్డు దాకా వచ్చింది. అమ్మ అవ్వను తలుచుకుని ఏడుస్తోంది, నేనేమో అద్దం కోసం వెతుక్కుంటున్నాను.

నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. "సరి, పాప మెడలో ఏసేస్తివి గదా. ఇంక అది పాపది. మనకేం రాలా. ఎవురికీ చెప్పే పన్లేదు" అన్నాడు.

"నాకు రాలేదని ఎట్టా అంటాం?" అంది అమ్మ.

"అప్పేమో కొట్టుది. గొలుసు మీ పుట్టింటిది. దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"సంతకం నేనూ పెట్టినా గదా."

"అందుకే అంటా ఉండా, పాపదని!"

నాయన చెడ్డవాడు కాదు. అంతా పోయిన ఇంట్లో బిడ్డకంటూ ఒక్క వస్తువు మిగలాలని ఆయన ఆరాటం. ఆ ఆరాటంలో తను చెప్పిందాన్ని తనే నమ్మేశాడనుకుంటాను. నేనైతే నమ్మకపోవడమేంటి, ఎగిరి గంతేశాను. కానీ ఇంట్లో ఏదో తేడాగా ఉండేది. పక్కింటి అక్క అడిగితే నాయన గొలుసు పైకి తీసి చూపించమనేవాడు, అమ్మ జాకెట్టు లోపలికి వేసుకోమనేది. నాదే అయితే ఎందుకు దాచాలో, దాచాల్సినదైతే నాదెలా అయిందో ఎవరూ చెప్పలేదు. అమ్మకు అన్నం సయించడం లేదని మాత్రం కనిపెట్టాను.

కిస్తీ రోజు వచ్చింది. మామూలుగా అమ్మ ఒక్కతే బస్సెక్కి జార్జి టౌన్ వెళ్ళి కట్టి వచ్చేది. ఆసారి నన్నూ తీసుకెళ్ళింది. బస్సు దిగాక, తోపుడుబళ్ళు ఒకదాన్నొకటి రాసుకుపోయే ఆ సందులో ఆగి, నా గొలుసు తనే పైకి తీసి గౌను మీద సర్దింది. ఇప్పుడు చూపించాలా, దాచాలా అని నేను అడిగేలోపే నా చెయ్యి పట్టుకుని నడిచింది.

వ్యాపారులందరి తరఫునా కిస్తీ తీసుకునేది ఒక ముసలి షావుకారు. మా తెలుగాయనే. డబ్బు తీసుకుంటూ నా మెడ వైపు చూశాడు. "ఏం పాపా, బాగుండాదే గొలుసు! ఎవురిది?"

"నాది" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో!

ఆయన అమ్మను ఒకసారి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "బిడ్డదా, సరి సరి" అని రసీదు రాయడంలో పడ్డాడు. ఆయనకు సంగతి అర్థం కాలేదని నేననుకోను. దయతో ఒక దారి వదిలాడు. అమ్మ రసీదు తీసుకుని లేచి వచ్చేస్తే ఆ కథ అక్కడితో సరి.

అమ్మ లేవలేదు. "కాదయ్యా. మా అత్తది. ఆమె పోయింది, నాకిచ్చి పోయింది. మేమే పాప మెడలో ఏసినాం" అంది. అంటూనే నా మెడ వెనక కొక్కెం విప్పడం మొదలుపెట్టింది. తొందరలో కొక్కెంలో నా జుట్టు చిక్కుకుంది. నేను గట్టిగా ఏడుపు లంకించుకున్నాను. "నాదే అది! నాయన చెప్పినాడు!"

షావుకారు ఎటు చూడాలో తెలియక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బిడ్డ చెప్పింది, నేను సరి అంటి. ఇంకెందుకమ్మా ఇదంతా?" అన్నాడు.

"రేపు ఇంకొకరు అడిగినా ఇదే చెప్తాదయ్యా. పాపకి అది నిజం" అని గొలుసు ఆయన ముందు పెట్టేసింది అమ్మ.

తర్వాత వ్యాపారులు, వకీలు కలిసి కూర్చున్నారు. గొలుసు అమ్మి ఆ డబ్బు అప్పులో జమ చేసుకున్నారు. గురివింద గింజంతైనా తిరిగి రాలేదు. రాజీ మాత్రం చెడలేదు, గడువు కంటే ముందే కిస్తీలు తీరాయి, కొట్టు మాకే మిగిలింది. నాయన కొన్నాళ్ళు అమ్మతో మాట్లాడలేదు. అవ్వ అంత ప్రేమగా ఇచ్చింది ఎవరో బట్టల వ్యాపారులకు ఎందుకు పోవాలో నాకు అప్పుడూ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే ఇప్పుడూ కాలేదు. నాయనదీ న్యాయమేనేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

కానీ ఆ రోజు తిరుగు బస్సులో నా ఏడుపు గొలుసు కోసం కాదు. ఆ షావుకారు ముందు అమ్మ నన్ను అబద్ధాలకోరును చేసేసిందని. "నేను అబద్ధం చెప్పలేదు" అని వెక్కుతూనే ఉన్నాను. అమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పలేదు కన్నా. మా అబద్ధం తెచ్చి నీ నోట్లో పెట్టినాం. తప్పు మాది" అంది. పెద్దవాళ్ళు పిల్లలతో అలా అంటారని నాకు అంతవరకూ తెలియదు. ఏడుపు ఆగిపోయింది.

ఇప్పుడు షోళింగనల్లూరులో కూతురి దగ్గర ఉంటున్నాను. ఎవరెవరో వచ్చి తలుపు గంట కొడుతుంటారు. కొందరిని చూస్తే ఒళ్ళు మండుతుంది. పక్కనే మనవరాలు ఆడుకుంటూ ఉంటుంది. 'అమ్మమ్మ నిద్రపోతోందని చెప్పు పో' అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, నేనే వెళ్ళి తలుపు తీస్తాను. "మేలుకునే ఉన్నాను నాయనా, నీతో మాట్లాడే ఓపికే లేదు" అని నా నోటితో నేనే చెప్పేస్తాను.