పిట్టలాయన మనుషుల్ని తోలిన రోజు

మా వీధి చివరింట్లో ఉండే పిట్టలాయన కుదురుగా కూచోగా చూసినవాళ్లు ఇంకా పుట్టలేదు. మా ఊరి చిన్న విమానాశ్రయంలో ఆయనకి ఒకటే పని. విమానం దిగే ముందు, లేచే ముందు రన్‌వే మీద వాలిన పిట్టల్ని తోలడం. ఒక డొక్కు జీపు, ఒక టపాకాయల తుపాకీ, మెడలో ఈల. ఇరవై రెండేళ్లలో ఆయన తోలిన పిట్టలన్నీ ఒక్కసారి తిరిగొస్తే మా ఊరికి వారం రోజులు ఎండ తగలదు.

ఒకప్పుడు రోజుకి ఆరు విమానాలు. ఆ తర్వాత టికెట్టు మీద పన్ను పెంచారు. పెద్ద నగరాల్లోంచి సముద్రాలు దాటేవాళ్లకి అదొక లెక్క కాదు. మా దగ్గర గంట ప్రయాణానికి మాత్రం టికెట్టెంతో పన్నూ దాదాపు అంతే! సరిహద్దు దాటితే అవతలి విమానాశ్రయంలో ఆ పన్ను లేదు. మూడు గంటలు వ్యానులో ఒళ్లు హూనం చేసుకునైనా సరే, జనం అక్కడికే పోవడం మొదలెట్టారు. ఆరు విమానాలు మూడయ్యాయి, మూడూ ఒకటైంది. క్యాంటీనువాడు కొన్నాళ్లు ఈగలు తోలుకున్నాడు. ఈగలూ రావడం మానేశాక తాళం వేసి పోయాడు.

ఇంతకీ ఆ వ్యాను ఎవరిదనుకున్నారు? పిట్టలాయన సొంత బామ్మర్దిదే.

విమానం ఒక్కటే కాబట్టి పని గంటే, జీతమూ ఆ గంటకే అన్నాడు మేనేజరు. అయినా ఈయన పొద్దస్తమానం అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

"గంట జీతానికి రోజంతా చాకిరీ ఏంటండీ?" అని భార్య సాధించేది.

"విమానం ఎప్పుడొస్తుందో పిట్టలకి తెలీదే. ఒక్క పూట వదిలేస్తే అక్కడే కాపురం పెట్టేస్తాయి."

చివరికి చిన్న విమానాశ్రయాలకి పన్ను సగానికి సగం తగ్గించారు. అప్పుడు విమానాల కంపెనీ ఒక మెలిక పెట్టింది. వారం పాటు మధ్యాహ్నం కూడా విమానం పంపుతాం, ఆఖరి రోజుకి సగం సీట్లు నిండితే ఉంచుతాం, నిండకపోతే పొద్దుటిది కూడా ఎత్తేస్తాం అంది. ఆరు రోజులు గడిచాయి. సీట్లు నిండలేదు. పన్ను తగ్గిన సంగతి జనం చెవికెక్కలేదు, అలవాటు పడ్డ కాళ్లు వ్యాను వైపే నడిచాయి.

ఏడో రోజు పిట్టలాయన ఉండబట్టలేకపోయాడు. విమానం వచ్చేలోపు తిరిగొచ్చేద్దామని రన్‌వే వదిలేసి వ్యాన్ల స్టాండుకి పరిగెత్తాడు.

"ఒరేయ్, ఈ ఒక్క రోజూ వ్యాను తియ్యకురా."

"నా వ్యానుకి నీ పిట్టలు డీజిల్ పోస్తాయా బావా?" అన్నాడు బామ్మర్ది.

"పన్ను తగ్గిందని వీళ్లకి చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? నేనేమన్నా పన్నుల మంత్రినా?"

ఇక చూడాలి! పిట్టలాయన ఈల ఊది, చేతులు బార్లా చాపి, వ్యాను చుట్టూ తిరుగుతూ "హుష్! హుష్! దిగండి! మన దగ్గరే పన్ను తగ్గింది!" అని అరిచాడు.

పెట్టె ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడకి చిర్రెత్తుకొచ్చింది. "నేనేమన్నా కాకినా, హుష్ అంటావేంటయ్యా?"

"కాకైతే ఊరికే ఎగిరిపోదురమ్మా. మీకు టికెట్టు కావాలి కదా!"

ఆవిడ నవ్వి దిగింది. ఆవిడ వెనకాల పద్నాలుగు మందీ దిగారు. అంతలో నెత్తిమీద విమానం మోత. కిందికొచ్చినట్టే వచ్చి మళ్లీ పైకి లేచిపోయింది. పిట్టలాయన మెడ పైకెత్తి చూశాడు.

"రన్‌వే మీద వాలేశాయిరా!" అన్నాడు.

బామ్మర్ది ఒక్క దూకున స్టీరింగు ముందు కూచున్నాడు. "ఎక్కు బావా! అందరూ ఎక్కండి!"

పది నిమిషాల దారి రెండు నిమిషాల్లో వెళ్లారట. గేటు దగ్గర ఈయన దూకి, జీపెక్కి, తుపాకీ పేల్చాడు. కొంగలు తెల్లదుప్పటి దులిపినట్టు లేచాయి. మూడో చుట్టుకి విమానం దిగింది.

"ఎక్కడ చచ్చావయ్యా?" అన్నాడు మేనేజరు.

"మనుషుల్ని తోలుకురావడానికెళ్లానండీ."

ఆ పదిహేను మందితో సీట్లు సగం దాటాయి. మధ్యాహ్నం విమానం నిలబడింది. కానీ పైలట్ రిపోర్టు రాసేశాడు. పిట్టలాయనని నెల రోజులు పని నుంచి ఆపేశారు, ఆయన చోట ఇదివరకు క్యాంటీనులో పనిచేసిన కుర్రాడినెవరినో పెట్టారు.

ఆ నెలంతా ఆయన వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాడు. మోత వినబడితే చాలు, ఎక్కడున్నవాడక్కడే ఆగి మెడ పైకెత్తేవాడు. ఆయన్ని చూసి మేమూ చేతిలో పని ఆపేసేవాళ్లం. వంటింట్లోంచి వాళ్లావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చేది.

"ఏవండీ, దిగిందా?"